అయస్కాంతం అంటని బ్లేడు

మా దేవస్థానంలో స్టీలు తనిఖీ ఒక బిందె వల్ల మొదలైంది.

ఆ బిందె మా కార్యనిర్వహణాధికారి, అంటే ఈవో, రాజ్యవర్ధనరావు గారి భార్యది. మేనకోడలి పెళ్లికి చదివించడానికని కొండ కింద బజారులో కొని, దాని మెడ చుట్టూ పేర్లు చెక్కించి తెచ్చుకున్నారు. చూడ్డానికొచ్చిన వదినగారు ఊరుకోకుండా ఫ్రిజ్ తలుపు మీదున్న మామిడికాయ బొమ్మ అయస్కాంతాన్ని ఊడదీసి బిందెకి ఆనించింది. మామిడికాయ అంటుకుపోయింది. "ఇది మంచి స్టీలు కాదొదినా" అని తేల్చేసింది ఆవిడ. గిన్నెల కొట్టుకెళ్లిన ఆడవాళ్లెవరూ ఈ పరీక్ష చెయ్యనిదే గరిటె కూడా కొనరు. అంటుకోకపోతే మంచి సరుకు, అంటుకుంటే మోసం, అంతే. పేర్లు చెక్కించేసిన బిందెని కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు.

ఆ రాత్రి ఈవో గారింట్లో ఏం జరిగిందో నాకు తెలీదు. మర్నాడు పదిన్నరకి మాత్రం నా టేబులు మీద ఒక ఉత్తర్వు ఉంది.

"దేవస్థానమునకు చెందిన సమస్త ఉక్కు సామగ్రిని అయస్కాంతముతో పరీక్షించవలెను. ఆకర్షింపబడిన ప్రతి వస్తువును నాసిరకముగా పరిగణించి తక్షణమే వినియోగము నుండి ఉపసంహరించవలెను. ఇందులకు గాను స్టోర్సు సీనియర్ అసిస్టెంటు శ్రీ పట్నాయక్‌ను అయస్కాంతాధికారిగా, పూర్తి అదనపు బాధ్యతలతో నియమించడమైనది."

పట్నాయక్ అంటే నేనే. ఎర్ర రంగు వేసిన గుర్రపు నాడా ఆకారం అయస్కాంతాన్ని ఒక తాడుకి కట్టి నా మెడలో వేశారు. బరువు ముప్పావు కిలో ఉంటుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నా మెడలో పడ్డ మొదటి హారం అదే కావడంతో మా ఆవిడ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

మొదట అన్నదానం వంటశాల మీద పడ్డాను. పళ్లేలు, గ్లాసులు, బేసిన్లు నెగ్గాయి. కత్తిపీటలు, చాకులు, కొబ్బరి కోరాలు మొత్తం నెగ్గలేదు. మూట కట్టించి గోదాములో పడేయించాను. ఆ పూట నుంచి వంటవాళ్లు గుమ్మడికాయలు నేలకేసి కొట్టి, ముక్కలు ఏరుకుని వండారు. వంకాయలు, బెండకాయలు సాంబారులో నిండుగా తేలాయి. భక్తులు గొడవ చేస్తారేమోనని ఈవో గారు ఒక బోర్డు రాయించారు: "ఇచ్చట కాయగూరలు వాటి సహజ స్వరూపమున వడ్డింపబడును." దాన్ని చదివి చాలామంది ఇదేదో ప్రత్యేక ప్రసాదం అనుకుని రెండోసారి పెట్టించుకున్నారు.

తర్వాత తాళాలు. తాళాలన్నీ అయస్కాంతానికి అంటుకున్నాయి కాబట్టి గోదాముకి తాళం తీసేశాం. వారం రోజులు ఏమీ పోలేదు. ఆ లోపల ఉన్నవన్నీ నాసిరకం అని తలుపు మీద మేమే రాసి ఉంచాం కదా.

మూడో వారం కల్యాణకట్టకి వెళ్లాను.

కల్యాణకట్ట అంటే మొక్కుబడి తలనీలాలు తీసే చోటు. అక్కడ నలభై మంది క్షురకులు వరసగా పీటల మీద కూర్చుంటారు. టికెట్టుతో పాటు భక్తుడి చేతికి ఒక సగం బ్లేడు ఇస్తాం. క్షురకుడు దాన్ని కత్తిలో బిగించి గుండు చేస్తాడు. మొదటి పీట నూకరాజుది. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పీట. అంతకు ముందు ఆ పీట వాళ్ల నాన్నది. "ఈ సేత్తో ఇప్పటిదాకా ఒక్క నెత్తురు సుక్క సూడనేదండి బాబూ" అనేవాడు. ఉత్త డాంబికం కాదు. పుట్టు వెంట్రుకలు తీయించే తల్లులు మిగతా ముప్పై తొమ్మిది పీటలు ఖాళీగా ఉన్నా నూకరాజు దగ్గరే వరస కట్టేవారు.

గంపెడు బ్లేడ్ల మీద నా అయస్కాంతాన్ని పెట్టాను. పైకెత్తితే గంప ఖాళీ అయింది. బ్లేడ్లన్నీ నా మెడ కింద గుత్తిగా వేలాడాయి.

"ఇదేటి బాబూ, బ్లేడన్నాక అంటుకోదేటి" అన్నాడు నూకరాజు.

"ఉత్తర్వు" అన్నాను.

అయస్కాంతం అంటని బ్లేడ్లు కావాలని టెండరు పిలిచాం. బ్లేడ్ల కంపెనీలేవీ రాలేదు. రెండు కంపెనీలు మాత్రం మాకు ఒంట్లో బాగుందా అని ఉత్తరాలు రాశాయి. చివరికి జిల్లా కేంద్రంలో చెంచాలు, పళ్లేలు చేసే ఒక గుత్తేదారు వచ్చి, "మీరు చెప్పండి సార్, ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం" అన్నాడు. చెంచాల రేకుని బ్లేడు ఆకారంలో కత్తిరించి, అంచులు అరగదీసి మూడు లక్షలు తెచ్చిపోశాడు. పరీక్ష చేశాను. ఒక్కటీ అంటుకోలేదు. ఈవో గారు పరమానందపడి, పెళ్లాం ఎదుట ఒక బ్లేడుని అయస్కాంతానికి ఆనించి చూపించడానికి ఇంటికి పట్టుకెళ్లారు.

మర్నాడు ఆ బ్లేడ్లతో పని మొదలైంది. మొదటి పావు తల తెగింది. తర్వాత బ్లేడు వెంట్రుకని కొయ్యడం మానేసి పీకడం మొదలెట్టింది. భక్తులు దేవుణ్ణి తల్చుకున్నారు, ఆ తర్వాత మమ్మల్ని తల్చుకున్నారు. ఒక తలకి తొమ్మిది బ్లేడ్లు పట్టాయి. పదకొండు గంటలకి ఆ పూట కోటా అయిపోయింది. హాలు నిండా సగం గుండ్లతో నాలుగొందల మంది కూర్చుని ఉన్నారు.

ఈవో గారు తడుముకోలేదు. "అర్ధముండన ధ్రువపత్రము" అని ఒక కాగితం అచ్చు వేయించారు. మిగిలిన సగాన్ని ఏడాది లోపు ఏ పనిదినమునందైనను పూర్తి చేయించుకోవచ్చునని అందులో ఉంది. సగం గుండుకి సగమే గంధం రాయాలని ఇంకో సర్క్యులరు వచ్చింది. వారం తిరిగేసరికి కొండ కింద ఒక సెలూను వాడు "కొండ మీద మొదలు, మా దగ్గర పూర్తి" అని బోర్డు పెట్టాడు. మొక్కుకున్న వెంట్రుకలు కొండ దిగి పోతున్నాయని ఈవో గారు మెట్ల దగ్గర చెక్‌పోస్టు పెట్టించి, నున్నటి గుండుతో ఎక్కి వచ్చేవాళ్లందరినీ ఎక్కడ చేయించారో చెప్పమని నిలదీయించారు. వయసుతో బట్టతల వచ్చిన ఒక రిటైర్డు తాసిల్దారు గారిని రెండు గంటలు కూర్చోబెట్టారు.

నూకరాజు సంగతి అసలు సంగతి. మొదటి రోజే అతని చేతి కింద మూడు తలల మీద గీతలు పడి నెత్తురు వచ్చింది. ఆ రోజు అతను అన్నం తినలేదని వాళ్లావిడ చెప్పింది. రెండో రోజు ఫిర్యాదుల పుస్తకంలో ఎవరో అతని పీట నంబరు రాసిపోయారు. మూడో రోజు మెమో వచ్చింది. టైపు చేసింది నేనే.

"మీ హస్తనైపుణ్యము క్షీణించినట్లు పరిశీలనలో వెల్లడైనది. బ్లేడ్లు పరీక్షలో ఉత్తీర్ణమైనవి కావున లోపము హస్తమునందే ఉన్నట్లు నిర్ధారించడమైనది."

కల్యాణకట్ట నియమావళి ప్రకారం మూడు మెమోలు పడితే పీట పోతుంది. నెల తిరక్కుండా రెండోది కూడా పడింది. నూకరాజు దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "ఇంకొకటండి" అన్నాడు. నాకు సిగ్గేసింది. సిగ్గేసినా మెడలో అయస్కాంతం తియ్యలేదు. నాకూ ఇద్దరు ఆడపిల్లలు, కాలేజీ ఫీజులు.

ఆ మధ్యాహ్నం నా కిటికీ దగ్గరికి సగం గుండుతో ఒక పెద్దాయన వచ్చాడు. పేరు దాలినాయుడు. ముప్పై ఏళ్లు ఒక స్టీలు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట. ఎడం వైపు గంధం, కుడి వైపు నెరిసిన జుట్టు. ఆయన తన బ్లేడుని నా బల్ల మీద పెట్టి బొటనవేలితో నొక్కాడు. బ్లేడు వంగింది. వంగి అలాగే ఉండిపోయింది.

"బాబూ, ఇది సెంచా" అన్నాడు.

"పరీక్షలో నెగ్గిందండి."

"నెగ్గుద్ది. సెంచా గాబట్టే నెగ్గింది. కూకో, సెప్తాను." కూర్చునే ఉన్న నన్ను మళ్లీ కూర్చోమని, ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని మొదలెట్టాడు. "పాత ఇనుం తుక్కు కరెంటు కొలిమిలో పోసి కరిగిస్తాం. అందులో క్రోమియం ఏస్తాం. నూటికి పది, పదకొండు పాళ్లు దాటిందా, ఇంక ఆ ఉక్కు మీద కంటికి అవుపడని పొర ఒకటి కడతాది. గీరితే మళ్లీ కడతాది. అదే దాన్ని తుప్పు పట్టనియ్యదు. ఇక్కడిదాకా అన్నిటికీ ఒకటే. ఇక్కడినుంచి రెండు దార్లు. గిన్నెలకైతే నికెలు కూడా ఏస్తాం, కర్బనం ఊదీస్తాం. అది మెత్తగుంటాది, సాగుతాది, బిందె సెయ్యొచ్చు, గ్లాసు సెయ్యొచ్చు. అయస్కాంతం అంటదు. పదును మాత్రం నిలవదు. బ్లేడుకైతే నికెలు ఎయ్యం, కర్బనం ఉంచుతాం. ఎర్రగా కాల్చి ఒక్కపాలి సల్లారబెడతాం. రాయిలా గట్టిపడతాది. అయస్కాంతం సచ్చినట్టు అంటుకుంటాది. అంటకపోతే అది బ్లేడే కాదు. ఒకటి గిన్నె, ఒకటి కత్తి. రెండూ మంచి స్టీలే, రెండూ తుప్పు పట్టవు."

"మరి అయస్కాంతం చూసి మంచీ చెడ్డా ఎలా తెలుస్తుందండి" అన్నాను.

"తెలీదు. నికెలు కరువని మాంగనీసు ఏసి, క్రోమియంలో కూడా కక్కుర్తి పడి సేసే రకం ఉంది. దానికీ అయస్కాంతం అంటదు. మూడు వర్షాలకి తుప్పు పట్టిపోద్ది." ఆయన వంగిన బ్లేడుని వాసన చూడబోయి మానేశాడు. "మీ గుత్తేదారు ఇచ్చింది అదేనని నా అనుమానం."

నాకు ఉత్సాహం వచ్చింది. ఆయన్ని నేరుగా ఈవో గారి సమీక్షా సమావేశంలోకి తీసుకెళ్లాను. ఈవో గారు ఆయన చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు, తర్వాత కళ్లు తెరిచి ఆయన తల వైపు చూశారు.

"తాము అర్ధముండనముతో సభకు హాజరైనారు."

"మీ బ్లేడే బాబూ సగంలో ఆగిపోనాది."

"కారణము అప్రస్తుతము. మొక్కు అసంపూర్ణముగా ఉన్న వ్యక్తి సాక్ష్యమును సంపూర్ణముగా స్వీకరించుటకు నిబంధనలు అనుమతించవు. కావున తమ అభిప్రాయములో సగభాగమును నమోదు చేయుదుము."

ఏ సగమో ఆయనే ఎంచారు. మినిట్సులో ఇలా రాయించారు: "గిన్నెల ఉక్కునకు అయస్కాంతము అంటదని నిపుణులు ధ్రువీకరించినారు."

దాలినాయుడు నమస్కారం పెట్టి, కండువా తలకి చుట్టుకుని, మిగతా సగం మేమంతా రిటైరయ్యాక చేయించుకుంటానని కొండ దిగిపోయాడు.

ఇలా ఉండగా ఈవో గారి మనవడికి పదకొండో నెల వచ్చింది. పుట్టు వెంట్రుకలు మన కొండ మీదే తియ్యాలని కూతురు పట్టు, నూకరాజే తియ్యాలని భార్య పట్టు. ఈవో గారికి ఈ ఏర్పాట్లలో ఇబ్బంది ఏమీ కనిపించలేదు. నూకరాజుకి కనిపించింది. ముందు రోజు సాయంత్రం స్టోర్సుకి వచ్చి నిలబడ్డాడు.

"మీ బ్లేడు పెడితే పసిగుడ్డు నెత్తి సీరుకుపోద్ది. మూడో మెమో వచ్చీస్తాది. నా కత్తి పెడితే ఉత్తర్వు దాటినట్టు. అప్పుడూ వచ్చీస్తాది. ఎలాగూ పీట పోతాది గదండీ."

"ఆ రోజు సెలవు పెట్టెయ్ నూకరాజూ."

"సెలవెడతానండి. మరి ఆ గుంటడి నెత్తి మీద కత్తి ఎవులు పెడతారు? పక్క పీటోడు. ఆడి దగ్గరా మీ బ్లేడే గదా." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "నానే వస్తాను లెండి."

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి పిల్లాణ్ణి మేనమామ ఒళ్లో కూర్చోబెట్టారు. మూడో కంటికి తెలీకుండా జరగాల్సిన పని కాదు కాబట్టి హాలంతా జనం, గోడల మీద కెమెరాలు. ఈవో గారు పట్టుపంచెలో, నేను అయస్కాంతంతో పక్కనే ఉన్నాం. నూకరాజు నీళ్లు పట్టించి పిల్లాడి తల మెత్తబరిచాడు. తర్వాత ప్యాకెట్టులోంచి మా బ్లేడు ఒకటి తీసి ఈవో గారి భార్య చేతిలో పెట్టాడు.

"అమ్మా, దీనితోటి ముందు మీ గోరు తీసుకోండి."

ఆవిడ బొటనవేలి గోరు మీద రెండు సార్లు గీసుకున్నారు. గోరు తెగలేదు. బ్లేడు అంచు మడత పడింది. ఆవిడ ఆ బ్లేడుని చూశారు, పిల్లాడి నడినెత్తిన కొట్టుకుంటున్న మెత్తని చోటుని చూశారు, చివరికి భర్తని చూశారు.

నూకరాజు నడుముకి చుట్టుకున్న గుడ్డలోంచి వాళ్ల నాన్న కత్తి తీశాడు. కొబ్బరి నూనె వాసన వేసింది. అది స్టీలు కూడా కాదు, పాతకాలపు ఉక్కు. రోజూ నూనె రాయకపోతే మచ్చలొస్తాయి, అతను రోజూ రాస్తాడు. పరీక్ష చెయ్యడం నా విధి గనక నేను కొంచెం ముందుకి వంగాను. వంగానో లేదో ఆ కత్తి అతని వేళ్లలోంచి జారి టక్కున వచ్చి నా మెడలో అయస్కాంతానికి అతుక్కుంది. హాలంతా విన్నారు.

అందరూ ఈవో గారి మొహం చూశారు. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు.

"నేను ఈ రోజు అధికారికముగా సెలవులో ఉన్నాను" అన్నారు. "ఇచ్చట నేను కేవలము తాతను."

"మీరెవరైతే నాకేం" అంది ఆయన భార్య. "పట్నాయక్ గారూ, ఆ కత్తి ఊడదీసి ఇవ్వండి. నూకరాజూ, నువ్వు కానీ."

ఊడదీసి ఇచ్చాను. ఆ తర్వాత హాల్లో కత్తి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పిల్లాడు మొదట్లో మేనమామ చొక్కా గుండీ నములుతూ ఉన్నాడు, సగంలో నిద్రపోయాడు. చివర్లో నూకరాజు తడిగుడ్డతో తల తుడిచి చూపించాడు. ఒక్క గీత లేదు. కూతురు కళ్లు తుడుచుకుంది.

మర్నాడు ఈవో గారు సెలవులోంచి తిరిగి వచ్చి మూడు కాగితాలు చెప్పి టైపు చేయించారు.

మొదటిది సవరణ ఉత్తర్వు. "అయస్కాంత పరీక్షా విధానము విజయవంతముగా కొనసాగుచున్నది. అయితే ఇకమీదట పరీక్ష జరుపునపుడు అయస్కాంతమునకు, వస్తువునకు నడుమ ఒక గజము దూరము పాటించవలెను." ఆ మధ్యాహ్నమే పాత బ్లేడ్లని, కత్తిపీటల్ని, తాళాల్ని గజం దూరంలో పేర్పించి పరీక్ష చేశాను. అన్నీ నెగ్గాయి.

రెండోది నూకరాజుకి సన్మానం. శాలువా, స్టీలు పళ్లెం, పళ్లెం మీద అతని పేరు చెక్కించి.

మూడోది నూకరాజుకి మూడో మెమో. సవరణకు ముందు దినమున, కెమెరాల సాక్షిగా, అనుమతి లేని ఆయుధమును శిశువుపై ప్రయోగించినందుకు, క్షురక విధుల నుంచి తప్పించి పాదరక్షలు భద్రపరచు కేంద్రమునకు బదిలీ.

నేను టైపు చెయ్యడం ఆపాను. "సార్, ఆ శిశువు మీ మనవడండి" అన్నాను. నా సర్వీసులో నేను చేసిన సాహసం అదొక్కటే.

"తాతగా నేను అతనికి జీవితాంతము కృతజ్ఞుణ్ణి. అందుకే పళ్లెము" అన్నారు ఈవో గారు. "అధికారిగా నాకు మనవలు లేరు."

సన్మానం, మెమో ఒకే రోజు ఇచ్చాం. రెండిటికీ ముట్టినట్టు సంతకం పెట్టించుకోవాలి. నూకరాజు రెండు కాగితాలూ చేతులు మార్చి మార్చి చూసి, ఏది దేనికో నన్నడిగి, పెట్టాడు. మొదటి పీట మీద ఇప్పుడు ఎవరో కొత్తతను కూర్చుంటున్నాడు. మంచివాడే, చెయ్యి కొంచెం బరువు.

మొన్న ముసురు పట్టిన రోజున చెప్పుల స్టాండు వైపు వెళ్లాను. నూకరాజు టోకెన్లు తీసుకుని చెప్పులు అందిస్తున్నాడు. జతల్ని అంత శుభ్రంగా తుడిచి ఇచ్చేవాణ్ణి నేను చూడలేదు. అతని వెనక గోడకి మేకుకి సన్మానం పళ్లెం వేలాడుతోంది. సరఫరా చేసింది ఆ చెంచాల గుత్తేదారే.

"పరీక్ష సెయ్యండి బాబూ" అన్నాడు నవ్వుతూ.

నిబంధన ప్రకారం గజం వెనక్కి జరిగి అయస్కాంతం చూపించాను. ఏమీ కాలేదు. నిబంధన పక్కన పెట్టి దగ్గరికెళ్లి ఆనించాను. అప్పుడూ అంటుకోలేదు. మా దేవస్థానం లెక్క ప్రకారం అంతకంటే మంచి స్టీలు ఇంకోటి ఉండదు. దగ్గరికెళ్లాను గనక ఇంకోటి కూడా కనిపించింది. చెక్కిన అక్షరాల్లో, నూకరాజు అన్న పేరు పొడుగునా, ఎర్రగా పొడి రాలుతోంది.

అతను బొటనవేలితో ఆ పొడి తుడిచి, వేలిని పంచెకి రాసుకుని, ఎవరిదో టోకెను అందుకున్నాడు.

"అయస్కాంతం పట్టనేదు గానండి," అన్నాడు, "తుప్పు పట్టింది."